నాలుగు సెకన్ల చూపు

వీడియో ఎడిటర్‌గా ముప్పై నాలుగేళ్ళు పనిచేసి మానేశాను. గవర్నర్‌పేటలో పెళ్ళి క్యాసెట్లతో మొదలుపెట్టి సీరియళ్ళు, ప్రకటనలు, చివర్లో కాలేజీ వార్షికోత్సవాల దాకా అన్నీ చేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారని అడుగుతుంటారు. ఏదైనా నేర్చుకోండి, ఆర్నెల్లలో వచ్చేస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఆర్నెల్లలో వచ్చేది కాదు. అది నాకు తెలిసిరావడానికి ఒక మనిషి నష్టపోవాల్సి వచ్చింది. ఆవిడ ఇంకా ఉన్నారు. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

పాత టేపులు

కిందటేడు వానాకాలంలో శ్రావ్య అనే అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. పాత తెలుగు సీరియళ్ళను శుభ్రం చేసి ఫోన్లలో చూసేలా పెట్టే కంపెనీలో ఆ అమ్మాయి ఎడిటర్. "భాస్కర్ గారి 'కేశవ్ కేసులు' మీరే ఎడిట్ చేశారట కదండీ" అని అడిగింది.

భాస్కర్ ఇవాళ అందరికీ తెలిసిన నటుడు. సినిమాల్లో కథానాయిక తండ్రిగానో, జడ్జిగానో కనిపిస్తుంటాడు. అతను సినిమాల్లోకి వెళ్ళకముందు, తెలుగువాళ్ళకి టీవీ అంటే ఒకే ఒక్క చానల్ ఉన్న రోజుల్లో, మేం విజయవాడలో పదమూడు వారాల డిటెక్టివ్ సీరియల్ తీశాం. అందులో కేశవ్ అనే డిటెక్టివ్ అతనే. దర్శకుడు గోపాలం గారు. ఆయన పోయాక వాళ్ళమ్మాయి బీరువాలో ఉన్న టేపులన్నీ ఆ కంపెనీకి ఇచ్చేసింది. శ్రావ్య వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ ముక్క ఎక్కడిదో అడిగి తెలుసుకోవడానికి నా దగ్గరికొచ్చింది. మా హాల్లో కూర్చుని భాగాలన్నీ వరసగా చూడటం మొదలుపెట్టాం.

నిజం చెప్పాలంటే మొదటి మూడు భాగాలు బాగోలేవు. విలన్ ఇంటి వెనకాల ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తుంటాయి. ఒక షాట్‌లో పొగ కుడివైపు పోతుంది, అదే సంభాషణలో తర్వాతి షాట్‌కి ఎడమవైపు పోతుంది. మైలవరం రోడ్డు మీద స్కూటర్లు తరుముకునేచోట ఒకే ఎడ్లబండి మూడుసార్లు ఎదురొస్తుంది. "ఇది ఇట్లాగే ఉంచేద్దాం సార్, భలే ఉంది" అని శ్రావ్య నవ్వింది. నేనూ నవ్వాను.

ఐదో భాగం చివరికి వచ్చేసరికి నాకు నవ్వు పోయింది. తెరమీద ఒక ముసలావిడ మంచం, పక్కన మందు సీసా, సీసా మూత వదులుగా ఉంది. ఆ వెంటనే తెల్లచీరలో ఉన్న నర్సు ముఖం. చటుక్కున తలెత్తి, కళ్ళు చిట్లించి, ఒకవైపు గుచ్చిగుచ్చి చూస్తుంది. అక్కడితో కథ ఆగి పేర్లు పడతాయి.

"ఏం చూపండీ అసలు" అంది శ్రావ్య. "ట్రైలర్ దీంతోనే మొదలుపెడతాను. ఎవరండీ ఈవిడ, నాటకాల ఆర్టిస్టా?"

"కాదమ్మా. నిజంగా నర్సే. ట్రైలర్ సంగతి తర్వాత. కాసేపు అది ఆపు" అని, అప్పుడు ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

వినే ముఖం

ముందు భాస్కర్ గురించి చెప్పాలి. అప్పట్లో అతను బెజవాడలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో కెమిస్ట్రీ మాస్టారు. సెలవు దొరికేది ఆదివారమే కాబట్టి మా షూటింగ్ ఆదివారాలే. క్లాసులో పాఠం చెప్పినట్టే డైలాగు చెప్పేవాడు, గుక్క తిప్పుకోకుండా. మూడో భాగం అయ్యాక ఒకరోజు నా ఎడిటింగ్ గదికొచ్చి, వెనక కుర్చీలో కూర్చుని తన ముఖం తనే చాలాసేపు చూసుకున్నాడు.

"ప్రసాద్ గారూ, మాట్లాడేటప్పుడు నేను బాగోలేనండీ" అన్నాడు. "ఎదుటోళ్ళు చెప్పేది వింటున్నప్పుడు మాత్రం పర్లేదు. నేను వినే ముక్కలు ఎక్కువ ఉంచండి."

ఏ నటుడూ అలా అడగ్గా నేను వినలేదు. అతను చెప్పినట్టే చేశాను. నాలుగో భాగం నుంచి కేశవ్ తక్కువ మాట్లాడి ఎక్కువ వినే డిటెక్టివ్ అయ్యాడు. సీరియల్ నిలబడింది అక్కడే. భాస్కర్ తర్వాత అంత పెద్ద నటుడు కావడానికి కూడా ఆ తెలివే కారణమని నా నమ్మకం.

నాకూ ఆ వారమే ఒక కిటుకు దొరికింది. నోరు మెదపని ముఖాన్ని దేని పక్కన పెడితే, ఆ ముఖం దాని గురించే మాట్లాడుతుంది. అన్నం పళ్ళెం పక్కన పెడితే ఆకలి, శవం పక్కన పెడితే దుఃఖం. ఈ సంగతి నాకంటే ముందు చాలామందికి తెలుసని అప్పుడు నాకు తెలియదు. నేనే కనిపెట్టినంత పొంగిపోయాను. ఆ ముఖం ఎవరిదో, ఆ మనిషి రేపు పొద్దున ఎక్కడికి వెళ్ళి పనిచేసుకోవాలో మాత్రం ఆలోచించలేదు.

ఖాళీ వచ్చింది

ఐదు, ఆరు భాగాలు కలిపి ఒకే కథ. ఒక ఆసామి తల్లికి మందులో ఎవరో విషం కలుపుతారు. కలిపింది మేనల్లుడని ఆరో భాగంలో కేశవ్ తేలుస్తాడు. కంకిపాడు దగ్గర కాలవ గట్టున ఉన్న ఒక చిన్న ఊళ్ళో తీశాం. ఆ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా సుగుణ గారు ఉండేవారు. పిల్లలకి టీకాలు వేయడం, కాన్పులు చూడటం ఆవిడ పని. ఊళ్ళో అందరికీ ఆవిడ నర్సమ్మ.

నర్సు వేషానికి మనిషి లేకపోతే గోపాలం గారు నేరుగా ఆవిడనే అడిగారు. "చర్చికి వెళ్ళొచ్చాక అయితే వస్తానండీ. నాకు నటన రాదు మరి" అన్నారావిడ. కథలో నర్సుకి రెండే మాటలు. ఏ పాపమూ తెలియని పాత్ర. ఆవిడ ఆ రెండు మాటలూ శుభ్రంగా చెప్పి పక్కకి వెళ్ళారు. కెమెరా ఇంకొంచెంసేపు తిరుగుతూనే ఉంది.

తర్వాతి వారం ఎడిటింగ్. ఆ రోజుల్లో పని ఎలా ఉండేదో ఒక్క మాటలో చెబుతాను. ఒక యంత్రంలో షూట్ చేసిన టేపు, రెండోదాంట్లో కూర్చిన టేపు. ఇందులోంచి అందులోకి షాట్లు వరసగా ఎక్కించుకుంటూ పోవాలి. మధ్యలో ఒక షాట్ పాడైతే దాని చోట సరిగ్గా అంతే పొడవున్న ఇంకో షాట్ పెట్టాలి. లేదంటే ఆ తర్వాతదంతా మళ్ళీ మొదట్నుంచి చేసుకోవాలి.

ఐదో భాగం పూర్తయింది. మధ్యాహ్నం రైలుకి టేపు హైదరాబాద్ వెళ్ళాలి. చివరిసారి చూస్తుంటే మందు సీసా తర్వాత వచ్చే షాట్‌లో, మేనల్లుడి చెయ్యి తలుపు వెనక్కి పోయేచోట, తెర నిండా తెల్లగీతలు. షూట్ చేసిన టేపే అక్కడ నలిగింది. నాలుగు సెకన్లు. రైలుకి గంటన్నర ఉంది. మిగిలిన టేపుని గబగబా తిప్పుతూ వెతికితే, గీతల్లేని నాలుగు సెకన్లు సుగుణ గారి ముఖం దగ్గర దొరికాయి. తన మాటలు అయిపోయాక ఆవిడ తలెత్తి ఎటో చూసిన ముక్క అది. తీసి అక్కడ అతికించాను. సరిగ్గా సరిపోయింది.

గోపాలం గారు చూసి నా వీపు తట్టారు. "జనం వారమంతా ఈవిడ గురించే మాట్లాడుకుంటారయ్యా. బుర్ర అంటే నీదీ" అన్నారు. అది ఖాళీ పూడ్చిన ముక్కని ఆయనకి చెప్పలేదు. పొగడ్త ఉంచేసుకున్నాను.

ఆవిడ బెజవాడ వచ్చారు

ఐదో భాగం వచ్చిన వారానికి ఆరోది రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ వారమే గాలివానకి కంకిపాడు వైపు స్తంభాలు పడిపోయి, కాలవ వెంబడి ఊళ్ళల్లో నాలుగు రోజులు కరెంటు లేదు. విషం కలిపింది మేనల్లుడని మిగతా ఊళ్ళన్నీ చూశాయి గానీ, ఆ ఊరు మాత్రం చూడలేదు.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం సుగుణ గారు నా గది వెతుక్కుంటూ వచ్చారు. తెల్లచీర, చేతిలో గొడుగు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేనెప్పుడు అట్టా చూశానండీ?" అని అడిగారు.

ఏం జరిగిందని అడిగితే చెప్పారు. సీరియల్ వచ్చిన మూడోరోజే టీకాలు. టీకా వేసిన పిల్లకి ఆ సాయంత్రం ఒళ్ళు వేడెక్కింది. అది మామూలే, ఎప్పుడూ జరిగేదే. ఈసారి మాత్రం ఆ పిల్ల నాయనమ్మ, "ఆవిడ సీసాలో ఏం కలుపుద్దో ఎవరికి తెలుసు" అంది. తర్వాతి వారం ఉపకేంద్రానికి ఇద్దరే తల్లులు వచ్చారు. ఆ పై వారం ఎవరూ రాలేదు.

"అది నాటకం కదమ్మా అని చెప్పాను" అన్నారు సుగుణ గారు. "నాటకమే అనుకో, చూపు మాత్రం నీదేగా అంటున్నారు. నేనేం చెప్పేదండీ దానికి? ఏడేళ్ళు తిరిగాను ఆ ఊళ్ళో. సగం మంది పిల్లలు నా చేతుల్లో పుట్టారు."

షూట్ చేసిన టేపు ఇంకా చెరపలేదు. తీసి యంత్రంలో పెట్టాను. ఆవిడ రెండు మాటలూ చెప్పారు, పక్కకి జరిగారు, చటుక్కున తలెత్తారు. నేను కత్తిరించింది అక్కడిదాకానే. ఆ తర్వాత ఏముందో నేనూ మొదటిసారి అప్పుడే చూశాను. ఆవిడ "అమ్మాయ్, పిల్లాడు" అని అరుస్తూ పరుగెత్తారు. కెమెరా పక్కకి తిరిగింది. వరండా అంచున పాకుతున్న ఏడాది పిల్లాణ్ణి ఆవిడ రెండు చేతులతో ఎత్తుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు.

సుగుణ గారు ఆ ముక్క మళ్ళీ పెట్టించుకుని చూశారు.

"ఇది మా ఊళ్ళో చూపించండి" అన్నారు చివరికి. బతిమాలుతున్నట్టు అనలేదు. చేయాల్సిన పని చెప్పినట్టు చెప్పి, గొడుగు తీసుకుని బస్సుకి వెళ్ళిపోయారు.

వరండాలో టీవీ

గోపాలం గారిని అడిగితే ఒప్పుకోలేదు. "సీరియల్ చూసి జనం నిజమనుకున్నారంటే మనం గెలిచినట్టయ్యా. షూటింగ్ టేపు బయట చూపించే ఎడిటర్ నాకొద్దు" అన్నారు. భాస్కర్‌కి చెప్పాను. అతను ట్యుటోరియల్ మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. తెరమీద వినేలాగే విన్నాడు. "ఆదివారం షూటింగ్ లేదుగా. ఎన్నింటికి బస్సు?" అన్నాడు.

ఆరో భాగాన్నీ, ఆ షూటింగ్ ముక్కనీ ఒక క్యాసెట్‌లోకి ఎక్కించాను. ఆదివారం మధ్యాహ్నం సర్పంచి గారి టీవీ, నేను మోసుకెళ్ళిన వీసీఆర్ ఉపకేంద్రం వరండాలో పెట్టాం. కేశవ్ వచ్చాడని తెలిసి ఊరు ఊరంతా వచ్చింది. ఆరో భాగం చూపించాం. తర్వాత ఆ ముక్క రెండుసార్లు చూపించాం. వరండా అంచున పాకిన పిల్లాడు వాళ్ళమ్మ చంకలోనే ఉన్నాడు.

అప్పుడు నేను లేచి నిలబడి, "ఆ చూపు సీసా వైపు కాదండీ. ఈ పిల్లాడి వైపు. నేనే తీసుకొచ్చి అక్కడ అతికించాను" అని చెప్పాను.

ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ, సీసాలో ఏం కలుపుద్దో అని మొదట అన్న నాయనమ్మే, అడిగింది. "ఎందుకు అతికించావయ్యా?"

"నాలుగు సెకన్లు ఖాళీ వచ్చిందండీ."

"ఖాళీ వస్తే మనిషిని పెట్టి పూడుస్తావా?"

ముప్పై నాలుగేళ్ళలో నా పని గురించి అంతకంటే సరైన మాట ఎవరూ అనలేదు.

ఆ ఒక్క మధ్యాహ్నంతో అంతా సర్దుకుందని చెప్పను. కొందరు ఆ వారమే వచ్చారు. కొందరికి నమ్మకం కలగలేదు. భాస్కర్ వరసగా ఆరు ఆదివారాలు, షూటింగ్ ఉన్న రోజు అది ముగించుకుని మరీ, ఆ బస్సెక్కి వెళ్ళాడు. సుగుణ గారి వెనకాల టీకాల పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. రెండుసార్లు నేనూ వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, "కేసు నేనే తేల్చానమ్మా, ఆవిడ తప్పేం లేదు" అనేవాడు. ఆడవాళ్ళు నవ్వి లోపలికి రమ్మనేవాళ్ళు. అయినా ఒక ఇంటివాళ్ళు మాత్రం తలుపు తీయలేదు. ఆ ఎండాకాలం వాళ్ళ చిన్నపిల్లకి కోరింత దగ్గు వచ్చింది. నెలన్నరపాటు దగ్గి దగ్గి, నీలంగా అయిపోయి, చివరికి బతికింది. ఆ సంగతి సుగుణ గారే నాకు ఉత్తరం రాశారు. అందులో నిందించే మాట ఒక్కటీ లేదు. పిల్లకి తగ్గిందని, ఇప్పుడు ఆ ఇంటివాళ్ళు కూడా వస్తున్నారని మాత్రం ఉంది.

గోపాలం గారు ఎనిమిదో భాగం తర్వాత నన్ను తీసేశారు. ఆయన మీద నాకు కోపం లేదు. కెమెరా ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలిసినట్టు మా అందరిలో ఎవరికీ తెలియదు, నేర్చుకున్నదంతా ఆయన దగ్గరే. కానీ తెరమీద కనిపించిన మనిషి తెర బయట కూడా బతకాలన్నది ఆయనకి ఎప్పుడూ పట్టలేదు. అలాంటి పెద్దలు మీకూ తగులుతారు. వాళ్ళ దగ్గర పని నేర్చుకోండి. వాళ్ళ నిర్లక్ష్యం నేర్చుకోకండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఆ ముక్క అతికించింది ఆయన కాదు, నేను.

ఆవిడ చెప్పిన తీర్పు

ఇదంతా విన్నాక శ్రావ్య ఆ షాట్ దగ్గరికి వెనక్కి తిప్పి, "తీసేద్దామా సార్? ఇప్పుడు రెండు నిమిషాల పని" అంది.

నాకూ అదే అనిపించింది. భాస్కర్‌కి ఫోన్ చేశాను. "మీరూ నేనూ తేల్చేది కాదు ప్రసాద్ గారూ" అన్నాడు. "సుగుణమ్మ గారిని అడగండి. ఆవిడ వద్దంటే నా సీరియల్ పన్నెండు భాగాలే అనుకుంటాను."

సుగుణ గారు ఇప్పుడు కంకిపాడులో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. మర్నాడు పొద్దున్నే శ్రావ్యా నేనూ వెళ్ళాం. డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, చూపు మాత్రం బాగానే ఉంది. శ్రావ్య ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఐదో భాగం చూశారు. తన ముఖం వచ్చినప్పుడు కళ్ళు తిప్పుకోలేదు.

"తీసేస్తామండీ. ఎవరికీ తెలియదు" అన్నాను.

"ఎందుకు తియ్యటం?" అన్నారు. "తీసేస్తే మీరు తప్పు చేయనట్టే అవుద్ది. నేను పడింది కూడా లేనట్టే అవుద్ది. ఉంచండి. కానీ ముందు మీరు కనపడి, ఏం చేశారో చెప్పండి. ఆ తర్వాత చూసుకోనీండి."

"ట్రైలర్‌లో వాడుకోవచ్చాండీ?" అని శ్రావ్య అడిగింది.

"వద్దమ్మా. అందులో చెప్పటానికి చోటుండదుగా."

నేను మూడు నిమిషాలు మాట్లాడి రికార్డు చేశాను. నా పేరు, ఆవిడ పేరు, టేపు నలగడం, నాలుగు సెకన్లు, ఊరు, టీకాలు. ఆ మూడు నిమిషాలు చూసి కంపెనీవాళ్ళకి నచ్చలేదు. కథ మొదలవకముందే క్షమాపణలేంటి, కింద ఒక వాక్యం వేస్తే చాలదా అన్నారు. తర్వాత ముప్పై సెకన్లకి కుదించమన్నారు. నేను కుదరదన్నాను. భాస్కర్ సీరియల్ ప్రచారానికి తను ఇస్తానన్న ఇంటర్వ్యూ, అది పెట్టేదాకా ఇవ్వనని ఆపేశాడు. అన్నిటికంటే గట్టిగా నిలబడింది శ్రావ్య. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. మూడు వారాలు వాళ్ళ మేనేజరుతో పోట్లాడి, ఆ మూడు నిమిషాలూ అక్షరం పోకుండా ఐదో భాగం ముందు పెట్టించింది. నాకు ఆ వయసులో లేని ధైర్యం అది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. మీ చేతిలోకి వచ్చే ప్రతి ముఖానికీ మీ షాట్‌కి ముందూ వెనకా ఒక బతుకు ఉంది. ఒక షాట్ కత్తిరించేముందు దాని తర్వాత ఏముందో చివరిదాకా చూడండి. టైము లేదంటారు. నాకూ లేదు, రైలు గంటన్నరలో ఉంది. ఆ తర్వాతి ఐదు సెకన్లు చూసి ఉంటే పిల్లాణ్ణి ఎత్తుకోవడం కనిపించేది. దొంగచూపని నేను అతికించేవాణ్ణి కాదు. పొరపాటు జరిగిపోతే మాత్రం గదిలో కూర్చుని బాధపడకండి. ఎవరికి జరిగిందో వాళ్ళ ఊరికి వెళ్ళి, నలుగురిలో నిలబడి చెప్పండి. ఆ పెద్దావిడ అడిగినట్టు ఎవరైనా అడిగితే తలొంచుకుని వినండి.

సీరియల్ ఫోన్లలోకి వచ్చిన వారం తర్వాత సుగుణ గారు ఫోన్ చేశారు. మీరు బాగా లావయ్యారు అన్నారు ముందు. తర్వాత, "మా పాత ఊళ్ళో ఇప్పుడున్న నర్సు పిల్లకి పంపించానండీ, మీరు మాట్లాడింది" అన్నారు. "ఆ పిల్ల దగ్గరికి రోజూ ఎవరో ఒకళ్ళు ఫోను పట్టుకుని వీడియో తీస్తామని వస్తున్నారంట. తియ్యనీ, కానీ దాంతో ఏం చేస్తారో, ఏ ముక్క ఎక్కడ పెడతారో ముందు అడుగు, చెప్పకపోతే తియ్యనివ్వబాక అన్నాను. అడుగుతానంది."